పాయింట్ల గడి దాటి చదువు

చి. చిన్నాకు,



నువ్వు ఫోన్‌లో పంపిన బాస్కెట్‌బాల్ ఆటగాడు టిమ్ డంకన్ అంకెల పట్టికను కాగితం మీదికి ఎత్తి రాసుకుని మరీ చదివాను. అంత చిన్న తెరమీద అన్ని గడులు చూడాలంటే ఈ వయసులో నా కళ్లు ఒప్పుకోవు. పట్టిక కింద నువ్వు పెట్టిన ప్రశ్నా చూశాను. ఇన్నేళ్లు ఆడి మ్యాచ్‌కి సగటున 19 పాయింట్లు చేసినవాణ్ని పట్టుకుని ఇంత పొగడ్త ఎందుకని అడిగావు. అడగాల్సిన ప్రశ్నే. అయితే నువ్వు అడిగింది డంకన్ గురించి కాదని నాకు తెలుసులే. కొత్త కోచ్ నిన్ను దూరం నుంచి షాట్లు కొట్టనివ్వకుండా రింగు కింద నిలబెట్టాడనీ, నీ పాయింట్లు సగానికి పడిపోయాయనీ, వచ్చే ఏడాది వేరే కాలేజీకి మారిపోతానని అలిగి కూర్చున్నావనీ మీ అమ్మ చెప్పింది. మారడం సంగతి తర్వాత. ముందు ఆ పట్టిక చదువుదాం. నువ్వు చదివింది అందులో ఒక్క గడే.

1997 నుంచి 2016 దాకా అమెరికా లీగ్ ఎన్‌బీఏలో 19 సీజన్లు, శాన్ ఆంటోనియో స్పర్స్ అనే ఒక్క జట్టుకే ఆడాడు. 1,392 మ్యాచ్‌ల్లో 26,496 పాయింట్లు, 15,091 రీబౌండ్లు, 3,020 బ్లాకులు. ప్లేఆఫ్స్‌లో ఆడిన 251 మ్యాచ్‌లు ఇందులో కలపలేదు. 1999, 2003, 2005, 2007, 2014లో ఛాంపియన్. రెండుసార్లు లీగ్ మొత్తానికి మేటి ఆటగాడు, మూడుసార్లు ఫైనల్స్ మేటి ఆటగాడు. ఇదంతా నీకు కంఠతా వచ్చే ఉంటుంది.

ఇప్పుడు ఆ పట్టికలో లేనిది వెతుకు. పాయింట్లలో కానీ, రీబౌండ్లలో కానీ, బ్లాకుల్లో కానీ మ్యాచ్ సగటు చూస్తే ఒక్క సీజన్‌లోనూ డంకన్ లీగ్‌లో మొదటివాడు కాదు. ఏడాదికొక్కరికి ఇచ్చే మేటి డిఫెన్స్ ఆటగాడి బహుమతి జీవితంలో ఒక్కసారీ అందుకోలేదు. అయినా ఆల్-డిఫెన్సివ్ జట్లలో 15 సార్లు ఎంపికయ్యాడు. అన్నిసార్లు ఎంపికైనవాడు మరొకడు లేడు. ఏదో ఒక ఏడాది ఒక గడిలో అందరినీ దాటి మెరిసినవాళ్లు ఆ లీగ్‌లో చాలామందే ఉన్నారు. ఆ సగటుల్లో ఏ గడిలోనూ మొదటివాడు కాకుండా, ఏ ఏడూ వెనకబడకుండా రెండు దశాబ్దాలు నిలబడినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

నువ్వు సగటు దగ్గరే ఆగిపోయావు. దాని పక్కనే నిమిషాల గడి ఉంది చూడు, అసలు కథ అక్కడుంది. మొదటి సీజన్‌లో డంకన్ మ్యాచ్‌కి 39.1 నిమిషాలు ఆడి 21.1 పాయింట్లు, 11.9 రీబౌండ్లు తెచ్చాడు. 2014-15 సీజన్‌కి వచ్చేసరికి వయసు 38. ఆడింది మ్యాచ్‌కి 28.9 నిమిషాలు. పాయింట్లు 13.9, రీబౌండ్లు 9.1. పైపైన చూస్తే మనిషి దిగజారిపోయాడు. రెండింటినీ 36 నిమిషాలకు సరిచేసి చూడు, కాగితం పెన్సిలుంటే చాలు. పాయింట్లు 19.4 నుంచి 17.3కి వచ్చాయి. రీబౌండ్లు మాత్రం 11.0 నుంచి 11.3కి పెరిగాయి! మోకాళ్లు అరిగిపోయి, ఎగరడం సగమైపోయిన మనిషికి నిమిషానికి దొరికే బంతులు ఎలా పెరిగాయి? బంతి ఎటు పడుతుందో ముందే తెలిసింది కాబట్టి. షాట్ ఎడమ మూల నుంచి లేస్తే కుడివైపు ఎక్కువసార్లు పడుతుందని నీకు చిన్నప్పుడే చెప్పాను. అలాంటివి వెయ్యి తెలిసినవాడికి ఎగరాల్సిన పనుండదు, ముందే అక్కడ నిలబడి ఉంటాడు. ఆ ఏడాది అతన్ని ఆల్-ఎన్‌బీఏ మూడో జట్టులోకి తీసుకున్నారు. ముసలాయన మీద జాలితో ఇచ్చింది కాదది.

నేను డ్రిల్లు మాస్టారుగా చేసినన్నాళ్లూ టోర్నమెంట్లలో బల్ల దగ్గర కూర్చుని స్కోరు షీట్లు రాసేవాణ్ని కదా. ఆ షీటు నువ్వూ చూశావు. ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారు, ఎవరివి ఎన్ని ఫౌళ్లు, ఏ జట్టు ఎప్పుడు టైమ్ అవుట్ తీసుకుంది, అంతే. రీబౌండ్‌కి గడి లేదు, అసిస్ట్‌కి లేదు, బ్లాక్‌కి లేదు. అది పెళ్లి చదివింపుల పుస్తకం లాంటిది. ఎవరెంత ఇచ్చారో పైసలతో సహా ఉంటుంది, గాడిపొయ్యి దగ్గర తెల్లవార్లూ నిలబడ్డవాడి పేరు ఎక్కడా ఉండదు. నీ పాయింట్లు సగమయ్యాయని ఏడుస్తున్నావే, అది ఆ షీటు చూసే కదా? రింగు కింద నువ్వు చేసిన పనికి ఆ కాగితంలో చోటే లేదు.

మన దగ్గరే కాదు, అమెరికా వాళ్లూ అన్నీ మొదట్నుంచి రాయలేదు. ఎన్‌బీఏలో బ్లాకుల్ని, స్టీల్స్‌ని లెక్కపెట్టడం 1973-74 సీజన్‌లోనే మొదలైంది. బిల్ రస్సెల్ బోస్టన్‌కి 11 టైటిళ్లు తెచ్చి 1969లోనే ఆట మానేశాడు. బంతిని ఆపడంలో అంతటివాడు లేడని చూసినవాళ్లంతా అన్నారు, కానీ అతని బ్లాకులెన్నో చెప్పే పట్టిక ఈనాటికీ లేదు. గడి లేకపోయినంత మాత్రాన బ్లాకులు లేనట్టా?

రాయని సంగతి ఎంత ఖరీదవుతుందో చెప్తాను. 2013 ఫైనల్స్, మయామితో ఆరో మ్యాచ్. అది గెలిస్తే స్పర్స్‌దే కప్పు. డంకన్ ఆ రోజు 30 పాయింట్లు, 17 రీబౌండ్లు తెచ్చాడు, మొదటి సగంలోనే 25 పాయింట్లు. చివరి క్షణాల్లో స్పర్స్ మూడు పాయింట్ల ముందుంది. మయామి మూడు పాయింట్ల షాటే వేస్తుంది కాబట్టి, బయటికి పరిగెత్తి అడ్డుకోగలవాళ్లు కావాలని కోచ్ పాపోవిచ్ డంకన్‌ని బయట కూర్చోబెట్టాడు. మయామి ఆటగాడు లెబ్రాన్ షాట్ తప్పింది. రింగు కింద పడిన బంతిని అతని జట్టువాడు బాష్ అందుకుని మూలకి విసిరాడు. రే అలెన్ మూడు పాయింట్లు కొట్టి సమం చేశాడు. అదనపు సమయంలో మయామి గెలిచింది, ఏడో మ్యాచ్ కూడా గెలిచి కప్పు ఎత్తుకుపోయింది. ఆ రోజు డంకన్ రీబౌండ్ల గడిలో 17 అని ఉంటుంది. అతను కోర్టులో ఉంటే 18 అయ్యేదో లేదో ఎవరూ చెప్పలేరు. పాపోవిచ్‌ది తప్పని నేననను, ఆ లెక్కకీ అర్థం ఉంది. కానీ పొడుగువాణ్ని రింగు కింద ఎందుకు నిలబెడతారో తెలియాలంటే ఆ అర నిమిషం వీడియో పదిసార్లు చూడు.

ఆ ఏడో మ్యాచ్ చివరి నిమిషంలో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు రింగుకి ఆనుకుని డంకనే ఒక తేలిక షాట్ వదిలేశాడు, వెంటనే చేసిన టిప్ కూడా పోయింది. అరచేత్తో కోర్టును కొట్టాడు. పదహారేళ్ల ఆటలో అతని ముఖంలో అంత కోపం నేను చూడలేదు. మరుసటి ఏడాది అదే మయామిని 4-1తో ఓడించారు. అప్పటికి అతనికి 38 నిండాయి.

పెద్ద అంకెల మ్యాచ్ కూడా ఒకటి చెప్పకపోతే నువ్వు ఊరుకోవు. 2003 ఫైనల్స్, న్యూజెర్సీ నెట్స్‌తో ఆరో మ్యాచ్. 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్టులు, 8 బ్లాకులు. ఇంకో రెండు బ్లాకులు పడితే ఫైనల్స్‌లో ఎవరూ చేయని పనయ్యేది. అందరూ ఆ రెండు బ్లాకుల గురించే మాట్లాడుకుంటారు. నా కన్ను 10 అసిస్టుల మీద పడింది. రింగు కింద నిలబడే మనిషి, మీదికి ఇద్దరు ముగ్గురు వచ్చి పడుతుంటే, ఖాళీగా ఉన్నవాణ్ని చూసి పదిసార్లు బాస్కెట్ చేయించాడు. మీ కోచ్ నిన్ను అక్కడ నిలబెట్టింది బంతికి నిన్ను దూరం చేయడానికే అనుకుంటున్నావేమో. మంచి జట్టులో బంతి ముందు అక్కడికే వెళ్లి, అక్కణ్నుంచే మిగతావాళ్లకి చేరుతుంది.

అతని బాల్యం సంగతి నీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. సెయింట్ క్రోయి దీవిలో ఈతగాడుగా పెరిగాడు. 1989లో హ్యూగో తుపాను ఆ దీవిలోని ఈతకొలనును పాడుచేసింది, మరుసటి ఏడాది పద్నాలుగో పుట్టినరోజుకి ముందురోజు తల్లి పోయింది. బాస్కెట్‌బాల్ పట్టింది ఆ తర్వాతే. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ తరఫున ఆడిన మొదటి మ్యాచ్‌లో ఒక్క పాయింటూ చేయలేదు. డిగ్రీ పూర్తి చేస్తానని తల్లికి ఇచ్చిన మాటకోసం, కోట్ల డాలర్లు ఎదురుచూస్తున్నా నాలుగేళ్లూ చదివాకే లీగ్‌కి వెళ్లాడు. మీ అమ్మ నీ బ్యాక్‌లాగ్ సబ్జెక్టుల గురించి కూడా చెప్పిందిలే.

ఫ్రీ త్రోల విషయం మాత్రం నిదానంగా చదువు. ఇది నీకు నేరుగా పనికొస్తుంది. 2003-04లో డంకన్ ఫ్రీ త్రోలు 59.9 శాతమే పడ్డాయి. అప్పటికే రెండుసార్లు లీగ్ మేటి ఆటగాడు. వాడికి సిగ్గు కాదా అనుకునేవాళ్లు అనుకున్నారు. 2012-13లో అది 81.7 శాతం. ముప్ఫయ్యారేళ్ల వయసులో! ఒంట్లో బలం తగ్గుతున్నప్పుడు కూడా పెంచుకోగలిగే గడి ఇది. దీనికి కోచ్ అనుమతి అక్కర్లేదు, ఎత్తు అక్కర్లేదు. అలాగే పలకకి తగిలించి వేసే అతని షాట్ ఉంది కదా, దాన్ని చూసి ఎవరూ ఈల వేయరు. షకీల్ ఓనీల్ అతనికి బిగ్ ఫండమెంటల్ అని పేరు పెట్టింది ఇలాంటి ఆట చూసే. నువ్వు నలభైఅయిదు డిగ్రీల కోణంలో రెండు వైపుల నుంచీ అది నేర్చుకో.

ఇంకొక్కటి గమనించు. 2007లో కప్పు గెలిస్తే ఫైనల్స్ బహుమతి సహచరుడు టోనీ పార్కర్‌కి వెళ్లింది, 2014లో కవాయ్ లెనర్డ్‌కి. మధ్యలో 2012లో మిగతావాళ్లను జట్టులో ఉంచుకోవడానికి తన జీతాన్ని సగానికి పైగా తగ్గించుకున్నాడు. అతనున్న 19 సీజన్లలో స్పర్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్లని ఏడాది లేదు. అతను దిగిన లీగ్ మ్యాచ్‌ల్లో 1,001 గెలిచారు. ఒకే జట్టుతో వెయ్యి గెలుపులు చూసి రిటైరైన మొదటివాడు అతనే. ఆ అంకె నువ్వు పంపిన పట్టికలో ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. డంకన్ రాకముందు సీజన్ స్పర్స్ గెలిచింది 20 మ్యాచ్‌లే, వచ్చిన ఏడాది 56. మొత్తం అతని ఖాతాలో వేసేయకు. ముందటేడు గాయాలతో ఆరు మ్యాచ్‌లే ఆడిన డేవిడ్ రాబిన్సన్ కూడా అదే సీజన్‌లో తిరిగొచ్చాడు. పైగా 19 ఏళ్లూ పాపోవిచ్ లాంటి కోచ్ దొరకడం అతని అదృష్టం. మీ కోచ్ అలాంటివాడని నేనెలా చెప్పగలను? నిన్ను కింద నిలబెట్టి, బంతి మాత్రం తన మనిషికే ఇప్పిస్తున్నాడేమో. అదే నిజమైతే మారిపో, నేనే మీ నాన్నకి చెప్తాను. కానీ అది పాయింట్ల గడి చూసి తేల్చేది కాదు.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టు. బెంచీ మీద కూర్చునే కుర్రాడెవరినైనా బతిమాలుకుని, టీ ఇప్పించి అయినా సరే, మ్యాచ్ మ్యాచ్‌కీ రాయించు. ఎన్ని నిమిషాలు ఆడావు, ఎన్ని రీబౌండ్లు పట్టావు, నువ్వు పట్టకపోయినా అవతలి పొడుగువాణ్ని వీపుతో నెట్టి నీవాళ్లకి ఎన్ని పట్టించావు, నీ మనిషి ఎన్ని షాట్లు వేసి ఎన్ని వదిలాడు, నీ చేతిలోకి బంతి ఎన్నిసార్లు వచ్చింది, అందులో ఎన్ని బాస్కెట్ అయ్యాయి. ఫ్రీ త్రోలు వేరే పేజీలో రాయి, ప్రాక్టీసులో వేసినవి కూడా. అన్నిటికన్నా ముఖ్యంగా, నువ్వు కోర్టులోకి దిగినప్పుడు స్కోరెంత, బయటికొచ్చినప్పుడు ఎంత. నువ్వు కూర్చున్న నిమిషాల్లో ఎంతైందో కూడా పక్కనే రాయించు. యూనివర్సిటీ మ్యాచ్‌లు అయిపోయేదాకా రాసి ఆ పేజీలు నాకు ఫొటో తీసి పంపు, పెద్ద అక్షరాలతో. కాలేజీ మారడం గురించి అప్పుడు మాట్లాడదాం.

ఇట్లు,
మీ పెదనాన్న