మీ బావను తీసేసే ముందు

డెంకణికోట

మాధవికి,

నీ ఉత్తరం చదివినాను. హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో మీరంతా కలిసి పెట్టిన కంపెనీకి రావాల్సిన ఆర్డర్లను మీ బావ తన భార్య పేర ఉన్న ఫర్ముకు మళ్లించినాడంటే మనసు కాలింది. వాడు నా చెల్లెలి కొడుకు. అయినా చెప్తాను తల్లీ, డైరెక్టరంటే అందరి సొత్తుకూ కాపలాదారు. 2013 కంపెనీల చట్టం 166వ సెక్షను ప్రకారం అట్లా తిన్న లాభం కంపెనీకి తిరిగి కట్టాల్సిందే.

నువ్వూ డైరెక్టరువే, తెలిసీ ఊరుకోవద్దు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డులో ఏం జరిగిందో చూడు. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొందామంటే, పెద్ద పేరున్న డైరెక్టర్లు కూర్చుని ఆమోదించినారు. అడ్డుపడింది బయటున్న వాటాదార్లే. 2009 జనవరి 7న రాజు లేఖతో దొంగ లెక్కలు బయటపడినాయి. ఆ తర్వాత కంపెనీ లా బోర్డు ఆదేశంతో మొత్తం బోర్డే పోయింది. నోరు మెదపనివాళ్ల కుర్చీలూ మిగల్లేదు.

అట్లని మీ నాయన అన్నట్టు గేటు దగ్గర ఆపించడం, బెదిరించి రాజీనామా రాయించుకోవడం వద్దే వద్దు. అట్లా చేస్తే రేపు కోర్టులో తప్పు మీదవుతుంది. బోర్డులో కూర్చుని వాణ్ణి తీసేసే అధికారం మీకు లేదు. అది వాటాదార్ల సభ పని, 169వ సెక్షను. సభకు కనీసం 14 రోజుల ముందు కంపెనీకి ప్రత్యేక నోటీసు అందాలి, దాని కాపీ వెంటనే వాడికి పోవాలి. రాతలో జవాబిస్తే సభ్యులకు పంపండి, సభలో మాట్లాడతానంటే మాట్లాడనివ్వండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, వాడికి చట్టం ఇచ్చిన హక్కు. పడిన ఓట్లలో సగానికి మించి వస్తే చాలు, కానీ వాడి వాటాల ఓట్లు వాడూ వేస్తాడు. ఓట్లు చాలవనిపిస్తే చెన్నైలోని కంపెనీ లా ట్రిబ్యునల్ ఉంది. తీర్మానమైతే 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రారుకు డీఐఆర్-12 ఫారం వేయించు.

పదవి పోయినా వాటాలు వాడివే. మళ్లిన డబ్బు కూడా దానంతటది రాదు, విడిగా దావా వేయాలి. అందుకే ముందు ఇన్వాయిసులు, మెయిళ్లు, బ్యాంకు కాగితాలు ఆడిటరు చేతికివ్వు.

నోటీసు పంపే ముందురోజు నాకు ఫోన్ చెయ్యి. చెల్లెలింటికి నేనే పోయి చెప్తాను.

మీ పెదనాయన