మోకాలు - మోటారు సైకిలు

సంబంధం లేని రెండు విషయాలను కలిపి మాట్లాడేవారిని చూసి 'మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టినట్లు' అనడం తెలుగువారికి అలవాటు. మోకాలికీ మోటారు సైకిలుకూ ఉన్న ముడి అటువంటిది కాదు. మోకాళ్ళ నొప్పితో బాధపడేవారికి బండి ఎక్కిన ప్రతిరోజూ అది అనుభవంలోకి వచ్చే సత్యమే.

యాభై నాలుగేళ్ళ వయసుగల ఒక గ్రామీణ ఉపాధ్యాయుణ్ణి ఉదాహరణగా తీసుకుందాం. ఇంటికీ బడికీ మధ్య దూరం 22 కిలోమీటర్లు. బడివేళకు బస్సు లేదు. బండి మీద ఇరవై నిమిషాలు గడిచేసరికి ఆయన కుడి మోకాలు సలపడం మొదలవుతుంది. బడి ముందు బండి దిగి, గోడ పట్టుకొని కాసేపు నిలబడితే గాని కాలు చాపుకోలేడు. "బండి మానేయండి" అన్నది ఇరుగుపొరుగుల సలహా. బండి మానడమంటే బడి మానడమే. కనుక ఆయన ముందున్న ప్రశ్న ఒక్కటే. మోకాలిని బండికి తగినట్లు మార్చలేనప్పుడు బండినే మోకాలికి తగినట్లు మార్చుకోవచ్చునా?

మోకాలి నిర్మాణం

తొడ ఎముక, కాలి ఎముక కలిసే కీలు మోకాలు. దాని ముందు భాగంలో చిప్ప ఉంటుంది. ఎముకల చివరలను నున్నని మృదులాస్థి కప్పి ఉంచుతుంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. కీలు కదులుతున్నప్పుడు దానిలోని ద్రవం ద్వారానే ఆ పొరకు పోషణ అందుతుంది. వయసు, అధిక బరువు, పాత గాయాలు మొదలైన కారణాల వల్ల ఈ పొర అరిగినప్పుడు నొప్పి, బిగుసుకుపోవడం కనిపిస్తాయి.

మోకాలు ఎంత ఎక్కువగా ముడుచుకొంటే చిప్ప వెనుక ఒత్తిడి సాధారణంగా అంత ఎక్కువవుతుంది. చదును నేల మీద నడిచేటప్పటికంటె మెట్లు దిగేటప్పుడు, గొంతుకు కూర్చున్నప్పుడు నొప్పి హెచ్చుగా ఉండడానికి ఇదే కారణం. కాలు ముడిచి కదలకుండా కూర్చోవడం కూడా హానికరమే. సినిమా హాలులో మూడు గంటలు కూర్చొని లేచినప్పుడు మోకాలు పట్టేసినట్లు ఉండడం చాలామందికి తెలుసు. మోటారు సైకిలు మీద ఈ రెండు ఇబ్బందులూ ఒకేసారి కలుగుతాయి.

సగటు మనిషి ఎక్కడ?

బండిని తయారుచేసేవారు ఒక సగటు మనిషిని ఊహించుకొని సీటును, పాదపీఠాన్ని, హ్యాండిలును అమరుస్తారు. ఆ సగటు మనిషి నిజంగా ఉన్నాడా? 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్ల శరీర కొలతలు తీసుకొన్నది. పరిశీలనకు ఎంచుకొన్న పది కొలతలలోనూ సగటుకు దగ్గరగా ఉన్న పైలట్ ఒక్కడు కూడా దొరకలేదు. ఆ తరువాత విమానాలలో ముందుకూ వెనుకకూ జరుపుకొనే సీట్లకు ప్రాధాన్యం పెరిగింది. కార్లలోనూ అటువంటి సీట్లు మామూలయ్యాయి. మోటారు సైకిళ్ళలో మాత్రం అత్యధిక భాగం సీట్లు నేటికీ బిగించినచోటనే ఉంటాయి. పొట్టివారైనా పొడుగువారైనా తమ కాళ్ళనే సర్దుకోవాలి.

ఐదు సెంటీమీటర్ల విలువ

సీటు, పాదపీఠం, హ్యాండిలు అనే మూడు బిందువులను కలిపితే ఒక త్రిభుజం ఏర్పడుతుంది. నడిపేవాని భంగిమను నిర్ణయించేది ఈ త్రిభుజమే. మోకాలికి సంబంధించినంతవరకు సీటుకూ పాదపీఠానికీ మధ్య దూరం ముఖ్యం.

ఉపాధ్యాయుని తొడ పొడవు 43 సెంటీమీటర్లు, మోకాలి నుండి చీలమండ వరకు మరో 43 సెంటీమీటర్లు అనుకుందాం. బండి మీద తుంటికీ చీలమండకూ మధ్య దూరం 60 సెంటీమీటర్లు ఉంటే మోకాలి వద్ద కోణం సుమారు 88 డిగ్రీలు. ఆ దూరం 65 సెంటీమీటర్లు అయితే కోణం 98 డిగ్రీలకు పెరుగుతుంది. త్రికోణమితి చదివిన విద్యార్థులు దీనిని స్వయంగా సరిచూసుకోవచ్చు. అరచేతి వెడల్పయినా లేని ఐదు సెంటీమీటర్ల తేడా మోకాలిని పది డిగ్రీల మేర విప్పుతుంది.

మార్పులు - మెలకువలు

ఖర్చులేని మార్పులతో ప్రారంభించడం వివేకం. గేరు మీట, బ్రేకు మీట ఎత్తు ఎక్కువగా ఉంటే పాదాన్ని మాటిమాటికీ పైకి లేపవలసివస్తుంది. మెకానిక్ వాటిని కొద్ది నిమిషాలలో సరిచేయగలడు. మడమతోనూ వేళ్ళతోనూ నొక్కే గేరు మీట ఉంటే పాదాన్ని మీట కిందికి దూర్చి ఎత్తవలసిన శ్రమ తప్పుతుంది. కిక్ కొట్టడం నొప్పి ఉన్న మోకాలికి పెద్ద దెబ్బ. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న బండిలో బ్యాటరీని మంచి స్థితిలో ఉంచుకోవడం కూడా ఒక విధంగా మోకాలి సంరక్షణే.

రెండవది సీటు. ఏళ్ళ తరబడి వాడిన సీటులో స్పాంజి అణగిపోయి నడిపేవాడు కిందికి దిగిపోతాడు. కొత్త స్పాంజి వేయిస్తే పోయిన ఎత్తు తిరిగివస్తుంది. అయితే సీటును మరీ ఎత్తు చేస్తే బండి ఆపినప్పుడు పాదాలు నేలకు ఆనవు. వంద కిలోలకు పైబడిన బండి ఒకవైపు ఒరిగినప్పుడు దానిని నిలబెట్టవలసినది ఆ నొప్పి మోకాలే. ఒక బాధను తగ్గించబోయి పెద్ద ప్రమాదాన్ని కొనితెచ్చుకోకూడదు.

మూడవది పాదపీఠం. దానిని కొద్దిగా కిందికి, ముందుకు జరిపితే కాలు విప్పారుతుంది. ఇక్కడా హద్దు ఉంది. మరీ కిందికి దించితే మలుపులో బండి వాలినప్పుడు పాదపీఠం నేలకు రాసుకొంటుంది. మరీ ముందుకు జరిపితే శరీర భారమంతా నడుము మీద పడి, గతుకులలో పాదాల మీద లేచి నిలబడడం కష్టమవుతుంది. పాదపీఠాన్ని జరిపినప్పుడు బ్రేకు మీటను కూడా దానికి అనుగుణంగా అమర్చాలి. అత్యవసర సమయంలో పాదం బ్రేకును వెతుక్కోకూడదు. నాసిరకం వెల్డింగు ఊడిపోతే ప్రాణానికే ముప్పు.

చట్టాన్ని కూడా గమనించాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్నది. శారీరక వైకల్యం ఉన్నవారు తమ వాహనాన్ని అవసరానికి తగినట్లు మార్పించుకొని, రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం పొందడానికి 2019 సవరణ వీలు కల్పించింది. పెద్ద మార్పులు తలపెట్టేవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం మంచిది.

ఫలితం

ఆ ఉపాధ్యాయుడు పాదపీఠాన్ని ఒక జానెడు దించమన్నాడు. అనుభవజ్ఞుడైన మెకానిక్ ఒప్పుకోలేదు. "మాస్టారూ, కాలు సుఖపడాలి గానీ బండి బోల్తాపడకూడదు కదా!" అన్నాడు. చివరకు కొత్త స్పాంజితో రెండు సెంటీమీటర్లు, బోల్టులతో బిగించిన గట్టి పట్టీలతో మూడు సెంటీమీటర్లు కలిసివచ్చాయి. ఆయన ముందుగా ఖాళీ మైదానంలో నడిపి, బ్రేకు అలవాటైన తరువాతనే రోడ్డెక్కాడు.

నొప్పి పూర్తిగా మాయం కాలేదు. అరిగిన మృదులాస్థిని ఏ మెకానిక్కూ తిరిగి పెట్టలేడు. వైద్యుడు చెప్పిన తొడకండరాల వ్యాయామం సాగుతూనే ఉన్నది. దారి మధ్యలో ఒక చింతచెట్టు కింద బండి ఆపి ఆయన ఐదు నిమిషాలు నడుస్తాడు. అయినా బడి ముందు గోడ పట్టుకొని నిలబడవలసిన అవసరం తగ్గింది. మొదటి గంటకే పిల్లల ఎదుట నిలబడగలుగుతున్నాడు.

యంత్రం మనిషి కోసం పుట్టింది. అది మనిషిని బాధిస్తున్నప్పుడు ఓర్చుకోవడం ఒక్కటే మార్గం కాదు, వదిలివేయడం ఒక్కటే మార్గం కాదు. కొలిచి, ఆలోచించి, హద్దులెరిగి దానిని సరిదిద్దుకోవడం మూడవ మార్గం.

అర్థాలు

మృదులాస్థి = ఎముకల చివరలను కప్పి ఉంచే మెత్తని పొర
పాదపీఠం = పాదం మోపే చోటు, ఫుట్‌రెస్టు
భంగిమ = శరీరాన్ని నిలిపే తీరు
మెలకువ = జాగ్రత్త, నేర్పు

ప్రశ్నలు

1. మోటారు సైకిలు మీద మోకాలికి కలిగే రెండు ఇబ్బందులు ఏవి?
2. సీటును మరీ ఎత్తు చేయడం వల్ల కలిగే ప్రమాదాన్ని వివరించండి.
3. మెకానిక్ ఉపాధ్యాయుని మాటకు ఎందుకు ఒప్పుకోలేదు? అతని నిర్ణయాన్ని సమర్థించండి.