తిరగేసిన భుజం కీలు: దాతలు తెలుసుకోవలసిన సంగతులు



యూసుఫ్‌గూడలోని మా కార్యాలయానికి వచ్చే వైద్య సాయం అర్జీల్లో గుండె, కిడ్నీ, మోకాలు అనే మాటలు మనకు అలవాటే. ‘రివర్స్ షోల్డర్’ అనే మాట మాత్రం కొత్తది. ఆ కాగితం మొదటిసారి చేతికొచ్చినప్పుడు మాకూ అర్థం కాలేదు. అర్థం చేసుకోకుండానే సాయం చేశాం, పొరపాటూ చేశాం. అది మళ్లీ జరగకూడదనే ఈ వ్యాసం.

ఆ అర్జీ డెబ్బై దాటిన ఒక ఖాలాది. తక్బీర్‌కు ఆమె కుడి చెయ్యి చెవి దాకా లేచేది కాదు. దుపట్టాకు పిన్ను పెట్టుకోలేరు, తల దువ్వుకోలేరు. రాత్రిళ్లు ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేరు. “వయసు కదా బేటా, ఓర్చుకోవాలి” అంటూ రెండేళ్లు ఓర్చుకున్నారు.

భుజంలో ఏం జరుగుతుంది?

మన భుజం బంతి, గిన్నె వంటి కీలు. జబ్బ ఎముక పైకొన బంతిలా ఉంటుంది. రెక్క ఎముకకు ఉన్న లోతులేని చిన్న గిన్నెలో అది తిరుగుతుంది. గిన్నె లోతు తక్కువ కాబట్టి బంతి జారకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టి ఉంచుతాయి. వీటినే రొటేటర్ కఫ్ అంటారు. వాటిపైన భుజానికి గుండ్రటి ఆకారం ఇచ్చే పెద్ద కండరం డెల్టాయిడ్.

వయసు మీద పడే కొద్దీ, లేదా కిందపడి దెబ్బ తగిలినప్పుడు, రొటేటర్ కఫ్ చిరగవచ్చు. బాగా చిరిగితే బంతిని గిన్నెలో పట్టి ఉంచే బలం పోతుంది. అప్పుడు డెల్టాయిడ్ లాగితే చెయ్యి లేవదు, బంతి పైకి జరిగి పై ఎముకకు ఒరుసుకుంటుంది. ఏళ్లు గడిస్తే కీలు అరిగిపోతుంది. మామూలు కీలు మార్పిడి చేసినా లాభం తక్కువ. కొత్త బంతిని పట్టి ఉంచేందుకు కూడా ఆ కండరాలే కావాలి కదా!

తిరగేస్తే ఏమవుతుంది?

ఫ్రాన్స్‌లోని డిజాన్ నగర వైద్యుడు పాల్ గ్రామాన్ ఈ చిక్కుకు 1985లో పనికొచ్చే దారి చూపారు. అంతకుముందు 1970లలో కొందరు ప్రయత్నించినా, వారు అమర్చిన కీళ్లు వదులైపోయేవి. గ్రామాన్ బంతినీ గిన్నెనూ తారుమారు చేశారు. లోహపు బంతిని రెక్క ఎముకకు స్క్రూలతో బిగించి, గిన్నెను జబ్బ ఎముక పైకొనలో అమర్చారు. దీంతో కీలు తిరిగే కేంద్రం లోపలికీ కిందికీ జరుగుతుంది. డెల్టాయిడ్ బిగుతుగా సాగి, దానికి లాగే పట్టు పెరుగుతుంది. బోరింగు పంపు చేయి పొడుగైతే చిన్నపిల్లవాడైనా నీళ్లు కొట్టగలడు. ఇదీ అలాంటిదే. చిరిగిన కండరాలు చేయలేని పనిని చాలావరకు డెల్టాయిడ్ ఒక్కటే చేస్తుంది. అమెరికాలో ఈ కీలుకు 2003లో అనుమతి వచ్చింది.

ఎవరికి అవసరం?

ముఖ్యంగా పెద్ద వయసువారికి: కండరాలు చిరిగి కీలు కూడా అరిగినప్పుడు, జబ్బ ఎముక పైకొన ముక్కలైనప్పుడు, ముందు వేసిన కృత్రిమ కీలు విఫలమైనప్పుడు. భుజం నొప్పి ఉన్న ప్రతివారికీ ఇది అక్కర్లేదు. షుగర్ ఉన్నవారికి తరచుగా వచ్చే ‘ఫ్రోజెన్ షోల్డర్’ వేరే జబ్బు. అది ఎక్కువగా మందులు, వ్యాయామాలతోనే తగ్గుతుంది. చిన్న చిరుగులకూ ముందు వ్యాయామమే చెబుతారు. డెల్టాయిడ్ నరం చచ్చుబడినా, కీలులో చీము ఉన్నా ఈ ఆపరేషన్ చేయరు.

ఆపరేషన్ తర్వాతే అసలు పని

ఖాలా ఆపరేషన్ బాగానే జరిగింది. కీలు ఖర్చులో మా వంతు మేము కట్టి, బాధ్యత తీరిందనుకున్నాం. ఫిజియోథెరపీకి డబ్బు ఎవరిస్తారని అడగలేదు. పగలు ఇంట్లో ఎవరుంటారనీ అడగలేదు. కొడుకు, కోడలు ఇద్దరూ రోజుకూలీలు. మూడు నెలల తర్వాత వెళ్లి చూస్తే నొప్పి పోయింది కానీ, చెయ్యి భుజం ఎత్తుకు కూడా లేవలేదు. ఆ లోపం వైద్యులది కాదు, మాది. ఆలస్యంగానైనా వ్యాయామాలు మొదలుపెట్టించాం. అల్‌హమ్దులిల్లాహ్, ఇప్పుడు తక్బీర్‌కు ఆమె చేతులు రెండూ లేస్తున్నాయి.

సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లో ఉంటుంది. తర్వాత డెల్టాయిడ్‌కు కొత్త పని నేర్పాలి. పూర్తి ఫలితానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. మొదటి మూడు నెలలు చెయ్యి వీపు వెనక్కి పెట్టకూడదు. ఆ చేతిని కుర్చీకి ఆనించి లేవకూడదు, అలా లేస్తే కీలు జారే ప్రమాదం ఉంది. సజ్దాలో అరచేతిపై బరువు వేయడం గురించి సర్జన్‌ను అడగాలి. అప్పటిదాకా కుర్చీలో నమాజు ఎలా చేయాలో ఉలమాను అడిగి తెలుసుకోవచ్చు. చెయ్యి వెనక్కి తిరగడం తర్వాత కూడా కొంత తగ్గవచ్చు. ఎడమ భుజానికైతే ఇస్తింజాకు ఇబ్బంది అవుతుంది. సిగ్గుపడకుండా ఆపరేషన్‌కు ముందే వైద్యునితో మాట్లాడాలి. షుగర్ అదుపులో లేకపోతే చీము పట్టే ప్రమాదం ఎక్కువ.

మీ ముందు మా మనవి

మనకు దగ్గర్లో పంజాగుట్టలో ఉన్న నిమ్స్‌ను చూడండి. 1960లలో నిజాం చారిటబుల్ ట్రస్టు దానంతో వెలిసిన ఎముకల ఆస్పత్రి అది. 1989 చట్టంతో నేటి వైద్య విజ్ఞాన సంస్థ హోదా పొందింది. అలనాటి ఒక దానం ఇన్నేళ్లుగా పేదలకు అందుతూనే ఉంది.

ఇకపై ఇలాంటి అర్జీ వస్తే మేము నాలుగు ప్రశ్నలు అడుగుతాం. షుగర్ పరీక్ష చేయించారా? ఆరు వారాలు తోడెవరు? ఫిజియోథెరపీకి ఎంత కావాలి? రానుపోను ఆటో ఖర్చు ఎవరిది? మీరిచ్చే సొమ్ములో కొంత ఈ ‘తర్వాతి’ ఖర్చులకు విడిగా ఉంచమని మిమ్మల్ని కోరుతున్నాం. కీలును వైద్యులు అమరుస్తారు. ఆ చెయ్యి మళ్లీ లేచేదాకా తోడుండవలసింది మనం.