పాదరసం చూసి రాయి, తల్లీ

మచిలీపట్నం,
ఫాల్గుణ మాసం.

చిరంజీవి బుజ్జికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేయకుండా కాగితం మీద రాశావంటే సంగతి పెద్దదేనని కవరు విప్పకముందే మీ పెద్దమ్మ అంది. న్యూస్ ఛానెల్ ఉద్యోగం మానేస్తానన్నావు. 2025 మేలో పాక్‌తో పోరు నడిచిన రాత్రుల నుంచి మనసు విరిగిపోయిందన్నావు. "ఇన్ని అబద్ధాలు మోసే దేశం ఎన్నాళ్లు నిలబడుతుంది పెద్దనాన్నా?" అని చివర అడిగావు చూడు, ఆ మాట చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు ఇక్కడి సంగతులు. శివరాత్రితో చలి శివశివా అంటూ పోయింది. తెల్లవారుజామున కాస్త మంచు పడుతోంది కానీ, పదింటికల్లా ఎండ వీపుకు తెలుస్తోంది. సాయంత్రానికి సముద్రం గాలి తిరుగుతోంది. పెరట్లో మామిడి మొదటి పూత మంచుకు మాడింది, రెండో పూత నిలిచి పిందె కట్టింది. రాలినవి ఏరి మీ పెద్దమ్మ పప్పులో వేస్తోంది. తింటున్నప్పుడల్లా నీ పేరే. రాత్రి డ్యూటీలో వేళకు తింటున్నావా? టీ మీద బతకకు.

మొన్న ఏదో ఛానెల్లో, మీది కాదులే, అప్పుడే నిప్పుల కుంపటి అంటూ తెర నిండా మంటలు చూపించారు. కుర్రాడొకడు తారురోడ్డు మీద థర్మామీటరు పెట్టి, వచ్చిన అంకె చదివి, ఇదే ఈ ఊరి ఉష్ణోగ్రత అన్నాడు. నా ప్రాణం విలవిల్లాడింది. ఉష్ణోగ్రత అంటే నీడలోని గాలిది, రోడ్డుది కాదు.

నేను పనిచేసిన వాతావరణ కేంద్రం ఆవరణలో గడ్డి నేల మీద తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఉండేది, స్టీవెన్సన్ స్క్రీను. గాలి ఆడేలా చుట్టూ ఏటవాలు చెక్కలు. ఎండ సూటిగా తగలకుండా తలుపు ఉత్తరం వైపు. లోపల నేలకు నాలుగడుగుల ఎత్తున నాలుగు థర్మామీటర్లు. ఒకదాని బల్బుకు మల్లుగుడ్డ చుట్టి వత్తి కొస నీళ్లలో ఉంచేవాళ్లం. ఉదయం 8.30కి కనిష్ఠం, సాయంత్రం 5.30కి గరిష్ఠం చూడాలి. తలుపు తీశాక ఆలస్యం చేస్తే మన ఒంటి వేడికే పాదరసం కదులుతుంది. అందుకని ముందు దశాంశం చదివి, తర్వాత డిగ్రీలు చదవమని మా సీనియరు నేర్పాడు. కన్ను పాదరసం కొసకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. పైనుంచి చూస్తే ఒక అంకె, కిందినుంచి చూస్తే ఇంకో అంకె. 37.4 ఉంటే 37.4 అనే రాయాలి. "మరీ ఇంత పట్టుదలా?" అంటావని తెలుసు. తీరంలో వడగాలి అనాలంటే కనీసం 37 ఉండాలి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగి ఉండాలి. మైదానంలో అయితే 40. సగం డిగ్రీ తేడా వస్తే కూలీలను మధ్యాహ్నం ఇంటికి పంపాలా వద్దా అన్నదే మారిపోతుంది.

2024 మే 29న ఢిల్లీలో ముంగేష్‌పూర్ కేంద్రం 52.9 డిగ్రీలు చూపించింది. దేశమంతా మోగిపోయింది. పరిశీలించిన వాతావరణ శాఖ, అక్కడి సెన్సరు దాదాపు 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని తేల్చి, ఆ మాట బయటికే చెప్పింది. ఆ దిద్దుబాటు ఎంతమంది చూశారు? నిజమైన అంకెకు మంటలు అక్కర్లేదమ్మా. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంతటి వేడి మార్చి లేదని 2022లో నెమ్మదిగా రాశారు. ఆ వేడికి ఉత్తరాదిన గోధుమ గింజ పాలు పోసుకునే వేళే ముడుచుకుపోయింది. మే 13న ప్రభుత్వం గోధుమ ఎగుమతులు ఆపింది. సరైన కొలత చేతిలో ఉంటే కష్టం వచ్చినా ఏదో ఒకటి చేసుకోగలం.

తప్పుడు కబురు ఏం చేస్తుందో ఒకటి చెప్తాను. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజులు, 1979 మార్చి 22. జయప్రకాశ్ నారాయణ్ పోయారని రేడియో చెప్పింది. లోక్‌సభలో ప్రధాని మొరార్జీ దేశాయే ప్రకటించారు. కోనేరు సెంటర్లో కొట్లు సగం మూశారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లొచ్చిన పక్కింటాయన అరుగు మీద కూలబడి ఏడ్చాడు. తీరా చూస్తే జేపీ బొంబాయి జస్‌లోక్ ఆస్పత్రిలో బతికే ఉన్నారు. అదే ఏడాది అక్టోబరు 8న ఆయన నిజంగా పోయిన రోజు, రేడియో చెప్తుంటే పక్కింటాయన నమ్మలేదు. మర్నాడు పత్రికలో ఫోటో చూసేదాకా కంట నీరు పెట్టలేదు. తప్పుడు కబురు ఆయన దగ్గర్నుంచి ఏం లాక్కుందో నాకు ఆ రోజు తెలిసింది.

ఆ మే నెల రాత్రులు నువ్వూ కళ్లారా చూశావు. కరాచీ రేవును మన నౌకాదళం ధ్వంసం చేసిందని ఛానెళ్లు రాత్రంతా అరిచాయి, అలాంటిదేమీ జరగలేదు. పూంఛ్‌లో పాక్ షెల్లింగుకు బలైన ఒక పంతులును ఉగ్రవాది అన్నాయి, అది అబద్ధమని అక్కడి పోలీసులు చెప్పాల్సి వచ్చింది. ఆ ఇంట్లో శవం లేవకముందే టీవీలో ఆ మాట! నీకు కడుపు రగలడంలో తప్పులేదు తల్లీ. రగలకపోతేనే నేను బాధపడేవాణ్ని.

కానీ దేశం నిలబడదన్న మాటకు మాత్రం ఒప్పుకోను. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి మళ్లీ రాయను, మీ నాన్న చెప్పింది చాలు. మా ఊళ్లో వినబడిన కబురు గాలివాన అనే. ఉప్పెన వస్తుందని మాకెవరూ చెప్పలేదు. దాదాపు 10,000 మంది పోయారు. నేను వాతావరణ శాఖ ఉద్యోగం వెతుక్కుని మరీ చేరింది అందుకే. 1990 మే 9న మళ్లీ అంతటి తుపాను వచ్చింది. అప్పటికి ముందే హెచ్చరికలు వెళ్లాయి, 6 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి కదిలారు. పోయినవాళ్లు వెయ్యి లోపు. అదీ తక్కువేం కాదు. కానీ గొడ్డూగోదా, పొయ్యిలో నిప్పూ వదిలి, ఎప్పుడూ చూడని ఆఫీసరు మాట నమ్మి ఆడా మగా లారీ ఎక్కారే, దేశం గట్టిదనం అంటే నాకు అదే. టీవీలు రోజూ ఉప్పెన అని అరిస్తే, నిజంగా వచ్చిన రోజు ఎవరూ లారీ ఎక్కరు. మీ వాళ్లు కరిగించేస్తున్నది ఆ నమ్మకాన్ని.

అందుకే నువ్వు ఆ కుర్చీలోంచి లేవొద్దంటున్నాను. వార్త వచ్చినప్పుడు ఎవరు చూశారని అడుగు. అక్కడున్న మనిషికి ఒక్క ఫోన్ చెయ్యి. అవతలి ఛానెల్ ముందు వేసేస్తుందని తొందరపెడితే వేసుకోనీ. తప్పు పడితే, వేసినంత పెద్ద అక్షరాల్లోనే దిద్దమని అడుగు. తెలిసి తెలిసి అబద్ధం రాయమంటే మాత్రం ఆ నిమిషమే లేచి ఇంటికి వచ్చెయ్. అద్దె, ఈఎంఐ అని ఆలోచించకు, పెద్దనాన్న పెన్షన్ ఉంది. నీ గది ఊడ్చి దుప్పటి మార్చే ఉంచింది మీ పెద్దమ్మ.

కళ్లు మండుతున్నాయన్నావు, డాక్టరుకు చూపించుకున్నావా? ఆ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు.

రాజీనామా కాగితం ఉగాది దాటేదాకా ఎవరికీ ఇవ్వకు. ఒక్క రోజు సెలవు దొరికినా బయల్దేరు, ఏ బండికో ముందు చెప్తే స్టేషనుకు నేనే వస్తాను. మీ పెద్దమ్మ నిన్ను ఒక పాత కాటన్ చీర తెమ్మంది, ఆవకాయ జాడీలకు వాసెన కట్టడానికి.

ఇట్లు,
మీ పెద్దనాన్న