బంగారు బంతి జెముడు

మన నూజివీటి సీమలో మామిడిచెట్టు నెరుగని బాలుడు లేడు. కన్నులు మూసికొని వాసనచేతనే చిన్నరసమును బంగినపల్లిని వేరుపరుపగలవారు మనలో పెక్కుమంది కలరు. అయినను కుండీలో జెముడును పెంచువారిని జూచినచో, "ముండ్లమొక్కకు పోషణ మేల?" యని నవ్వుదుము. ఆ నవ్వు తగదని యొక మొక్కను పోగొట్టుకొనిన పిమ్మట మాకు తెలిసినది.

గట్లపై గనబడు జెముళ్లన్నియు నొక కుటుంబమునకు జేరినవి కావు. బొంతజెముడును గీరినచో పాలు కారును. అది కాక్టసు గాదు. నాగజెముడునకు పాలు లేవు; దాని ముండ్లు మెత్తని చిన్నబొడిపెలనుండి గుత్తులుగా పుట్టును. అది అమెరికాఖండమునుండి వచ్చిన నిజమైన కాక్టసు. అది మితిమీరి వ్యాపింపగా, 1926లో నాటి సింహళమునుండి యొకజాతి పురుగును దక్షిణభారతమునకు దెప్పించి దాని నణచిరి.

దాని బంధువగు బంగారు బంతి జెముడు గతి వేరు. పసుపుపచ్చని ముండ్లతో గుండ్రముగా నుండు నీ మొక్కకు మెక్సికోదేశపు కొండచరియలు పుట్టినిల్లు. 1990 దశకమున సిమపాన్ ఆనకట్ట నీటిలో దాని తావులు పెక్కు మునిగినవి. అమ్మకమునకై పెరికికొని పోయినవారును గలరు. లోకమందలి తోటలలో విస్తారముగా నున్నను, పుట్టినచోట నది యరుదైపోయినది.

ఈ మొక్క యాకురంధ్రముల వంటి తన రంధ్రములను పగలు మూసికొని రాత్రి తెరచును; అందుచే లోని నీరు వ్యర్థముగా పోదు. కావున మన వేసవికన్న మన వానకాలమే దానికి శత్రువు. ఎఱ్ఱమన్ను, ముతకయిసుక, ఇటుకముక్కలు సమభాగములుగా గలిపి, అడుగున రంధ్రముగల మట్టికుండీలో నాటవలయును. మన్ను పూర్తిగా నెండిన తరువాతనే నీరు పోయవలయును. వానలలో గాలి వెలుతురు గల పంచలో నుంచవలయును. చలికాలమున నీరు మిగుల తగ్గింపవలయును. లేతమొక్కలకు మాత్రము నడివేసవి మధ్యాహ్నమున కొంత నీడ కావలయును.

మేము చేసిన తప్పు వినుడు. జూలై మాసమున మా మొక్కను చూరుక్రింద నుంచితిమి. చూరునీరు చాలదన్నట్లు ప్రేమతో దినదినము చెంబెడు నీరు పోసితిమి. పైన బంగారుకాంతి తగ్గలేదు. ఒకనాడు కుండీని జరుపబోగా మొక్క యూడి చేతికి వచ్చెను, అడుగంతయు కుళ్లియుండెను.

మామిడిరైతు పూతకు ముందు తోటకు నీరు కట్టుట మానును. దానిని నిర్దయ యని యెవరును అనరు. పోయుట యెంత పోషణమో, సమయమెరిగి మానుటయు నంత పోషణమే. ఈ పాఠము మన తోటలలోనే యుండగా, మేము దానిని కుండీయొద్ద మరచితిమి.

విద్యార్థులారా, ఈ మొక్కను గొనునప్పుడు విత్తనమునుండి పెంచినదేనా యని యడుగుడు. అది బంతియంత యగుటకు ఏండ్లు పట్టును; పూచుటకు మరి యెన్నియో యేండ్లు కావలయును. నేడు నాటిన బాలుడు పెద్దవాడై దాని పూవును జూచుగాక!