చెనిక్కాయల డబ్బా

మాది చక్రాయపేట. శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి గుడికి జనం బాగా వస్తారు. మా అత్త అక్కడ వేయించిన చెనిక్కాయలు అమ్ముతుంది. "లోపల ఏముందో కనపడితే ఎక్కువ కొంటారత్తా" అని పోయినేడు సలహా ఇచ్చింది నేనే. అద్దంలా మెరిసే డబ్బాలు ఇరవై తెచ్చి, బాండలి నుంచి దించిన వేడి మీదే పోసేశాం. డబ్బాలన్నీ వంకర్లు తిరిగినాయి, లోపలంతా చెమ్మ. "ఇంజినీరింగ్ చదివేది ఇందుకేనా?" అంది అత్త.

తప్పెక్కడో అప్పుడు చదివాను. డబ్బా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది, చూడండి.

1 అంటే పెట్. బాగా పారదర్శకం, గాలిని బాగా ఆపుతుంది. కానీ మామూలు పెట్ డబ్బా సుమారు 70 డిగ్రీలకే మెత్తబడుతుంది. మావి ఇవే.

5 అంటే పాలీప్రొపిలీన్. డబ్బా కొంచెం మసక, పల్చటి కవరైతే స్పష్టం. సుమారు 160 డిగ్రీల దాకా కరగదు. తేమను బాగా ఆపుతుంది, గాలిని అంతగా ఆపదు.

6 అంటే పాలీస్టైరీన్. తళతళలాడుతుంది కానీ పెళుసు.

చెనిక్కాయలకు తేమ తగిలితే కరకర పోతుంది. గాలి, వెలుతురు తగిలితే నూనె పాడై వాసనొస్తుంది. అంటే కనపడే ప్యాకింగ్‌ని ఎండలో పెట్టకూడదు.

మా సరుకు రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. అందుకే ఈసారి గుడ్డ మీద బాగా ఆరబెట్టి, పాలీప్రొపిలీన్ కవర్లలో కట్టి, నీడలో పెట్టాం. నెలలు నిల్వ ఉంచాలంటే మాత్రం పెట్ డబ్బానే మేలు, చల్లారాకే పోయాలి.

ముందు సరుకునడగాలి, తర్వాతే డబ్బానెంచాలి.