పెట్టా, పుంజా? - పిల్లదశలో గుర్తుపట్టడం

మన పాల సంఘాల సభ్యులలో చాలామందికి పాడితోపాటు పెరట్లో పది పన్నెండు నాటుకోళ్ళు కూడా ఉంటాయి. పాల బిల్లు దాణాకూ అప్పులకూ పోయినా, గుడ్ల డబ్బు ఇల్లాలి చేతిలో మిగులుతుంది. నాటుపెట్ట సుమారు ఆరు నెలలకు గుడ్డుకు వస్తుంది. రెండు నెలల పెట్టపిల్లను పుంజనుకొని కోళ్ళ బేరగానికి ఇచ్చేస్తే, అది పెట్టబోయే గుడ్లన్నీ అతని గంపలోకి పోయినట్లే.

కొనదేరిన గుడ్డు పుంజవుతుందనీ, గుండ్రని గుడ్డు పెట్టవుతుందనీ మేము వెళ్ళిన ప్రతి ఊరిలోనూ వింటాము. ఇది నిజం కాదు. కోళ్ళలో ఆడా మగా అన్నది పెట్ట ఇచ్చే అండంతోనే నిర్ణయమవుతుంది. పెంకు ఏర్పడేది ఆ తరువాత. పది పిల్లలు లేస్తే అయిదు పెట్టలు, అయిదు పుంజులు అన్న లెక్క కూడా ఒక్కొక్క పొదుగులో తప్పవచ్చు.

రోజు పిల్లల మలద్వారం పరీక్షించి చెప్పే విద్యను జపాన్ శాస్త్రజ్ఞులు 1920 దశకంలో కనిపెట్టారు. హేచరీలలో దీనికి తర్ఫీదు పొందినవారు ఉంటారు. చూసి నేర్చుకుందామని ఇంట్లో పిల్లను నొక్కితే అది చచ్చిపోవచ్చు. రెక్క ఈకల పొడవునుబట్టి చెప్పడం అందుకోసమే తయారుచేసిన సంకరజాతులలోనే కుదురుతుంది. మన కలగాపులగపు నాటుకోళ్ళకు పనికిరాదు.

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తలమీది జుట్టు చూడండి. ఒకే పొదుగులో లేచిన పిల్లలను పక్కపక్కన పెట్టి పోల్చాలి. పుంజుపిల్ల జుట్టు, గడ్డం కింద వేలాడే తోలు ముందుగా పెరిగి ఎర్రబడతాయి. కాళ్ళు లావుగా ఉంటాయి. పెట్టపిల్ల జుట్టు ఇంకా చిన్నగా, పాలిపోయి ఉంటుంది. అయితే అసీల్ రక్తం కలిసిన కోళ్ళలో పుంజుకు కూడా జుట్టు పొట్టిగానే ఉంటుంది గనుక, అక్కడ ఈ గుర్తును నమ్మి బేరం చేయవద్దు. పోట్లాడే పిల్లలన్నీ పుంజులేనని అనుకోవడమూ పొరపాటే. పెట్టపిల్లలూ బాగానే కొట్టుకుంటాయి!

మేము నమ్మమని చెప్పేది ఈకను. మూడు నెలలు నిండే సమయానికి పిల్లను పట్టుకొని నడుము మీద, తోక మొదలుకు ఇరుపక్కలా ఉన్న కొత్త ఈకలను విడదీసి చూడండి. పుంజుకు అవి సన్నగా, పొడవుగా, కొనదేరి మెరుస్తూ దిగుతాయి. పెట్టకు వెడల్పుగా, కొన గుండ్రంగా ఉంటాయి. మెడ ఈకలలోనూ ఇదే తేడా కనబడుతుంది గాని, బోడిమెడ కోళ్ళకు నడుమే చూడాలి. అంతకుముందే గొంతు సవరించుకొని కూసిన పిల్ల గురించి వేరే పరీక్ష అక్కరలేదు.

కాబట్టి ఎంత తొందర ఉన్నా, ఈక తేలేవరకు అనుమానమున్న పిల్లను అమ్మవద్దు. పెట్ట అని తేలినదాని కాలికి రంగు గుడ్డపీలిక వదులుగా కట్టి, కాలు లావెక్కే కొద్దీ వారం వారం సడలించండి. పదిమంది పెట్టలకు ఒక్క మంచి పుంజు చాలు. పొదిగించకుండా తినడానికో అమ్మడానికో అయితే పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. మిగతా పుంజులను పండుగ ముందు, ధర ఉన్నప్పుడు, తూకం వేయించి అమ్ముకోండి.